ఐదో పాటకి సర్దుకునే గిటార్

హలో... హలో, వినబడుతోందా? ఆ, సరే. అందరూ బాగున్నారా? చేతిలో పనుంటే ఆపొద్దు, చేసుకుంటూనే వినండి. పొయ్యి మీద పాలుంటే మాత్రం మంట తగ్గించుకోండి, ఎందుకంటే నేను మొదలెడితే మధ్యలో ఆపే రకాన్ని కాదు. మా కొత్తవలసలో ఈశ్వరి అని ఒకామె ఉంది. మిక్సీలు బాగుచేస్తుంది. మొన్నామధ్య ఆమె దగ్గరికి ఒక గిటార్ వచ్చింది. ఆ నాలుగైదు రోజుల సంగతే ఇది. ఇంక వినండి.

ఈశ్వరి షాపు రైల్వే గేటుకి నాలుగడుగుల ఇవతల ఉంది. మిక్సీలు, గ్రైండర్లు, యాంప్లిఫయర్లు బాగుచేయబడును అని బోర్డు. కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం గూడ్సు వచ్చినప్పుడల్లా షాపులో బల్ల గజగజలాడుతుంది. అప్పుడు ఈశ్వరి సోల్డరింగ్ ఐరన్‌ని గాల్లోకి ఎత్తి పట్టుకుని, ఆఖరి పెట్టె దాటేదాకా అలాగే కూర్చుంటుంది. బండి పోయాక ఎర్రటి దుమ్ము మిగులుతుంది. క్యాలెండరు మీద, విప్పిన మిక్సీల మీద, టీ గ్లాసు అంచున కూడా ఆ దుమ్మే. పొద్దున్నే తడిగుడ్డతో తుడుస్తుంది, మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే. ఇరవై ఏళ్ళుగా ఇంతే.

మంగళవారం పదకొండు గంటలప్పుడు ఒక కుర్రవాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పాతికేళ్ళుంటాయి. భుజాన నీలం టార్పాలిన్ సంచి, వల కుట్టే నైలాన్ దారంతో గట్టిగా కుట్టినది. సంచిని పసిబిడ్డని దించినట్టు బల్ల మీదకి దించి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. స్టూలు చూపిస్తే కూర్చోలేదు.

పేరు వినోద్ అని చెప్పాడు. భోగాపురం అవతల సముద్రం ఒడ్డున ఊరు. తెల్లారకుండానే తండ్రి జోగయ్యతో వేటకి వెళ్తాడు, సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాడు. యుగంధర్ గారి ఆర్కెస్ట్రా. ఆ మాట వినగానే ఈశ్వరికి సగం సంగతి తెలిసిపోయినట్టయింది. విజయనగరం యుగంధర్ గారి యాంప్లిఫయర్లు రెండూ సీజనుకి ముందు ఈ బల్ల మీదకి రావలసిందే. ఆయన ఈ స్టూలు మీదే కూర్చుని కూనిరాగం తీస్తూ, పనయ్యేదాకా కదలరు. అరవై దగ్గరపడ్డ మనిషి. పాట అంటే ప్రాణం, దేవుడంటే అంతకన్నా ఎక్కువ.

వినోద్ చెప్పినదాని ప్రకారం గిటార్ ఇంట్లో బాగానే పలుకుతుంది. స్టేజీ ఎక్కితే కరకరలాడుతుంది, మీద దుప్పటి కప్పేసినట్టు సౌండు మందగించిపోతుంది. పది నెలల క్రితం కొత్తగా కొన్నాడు. మొదట్లో కొంచెం కొంచెంగా ఉండేది, ఇప్పుడు ప్రతి ప్రోగ్రాముకీ తప్పట్లేదు. అక్కని అప్ప అనడం వాళ్ళ వైపు అలవాటు. మాట మాటకీ అప్పా అంటూ, ఇదంతా నేల చూస్తూ చెప్పాడు. అసలు మాట మాత్రం ఆఖర్న చెప్పాడు.

"శనివారం రామతీర్థంలో ప్రోగ్రామున్నాదప్పా. ఆవేళ కూడా ఇలగే అయితే తీసేస్తానన్నారు గురువుగారు. ఏరే కుర్రోడితో మాటాడేసినారు కూడా."

"గిటార్ పాడైతే నిన్ను తీసేడమేటి?"

"గిటార్లో ఏటీ నేదంటారు. నా సేతుల్లో ఉన్నాదంటారు. ఉప్పుసేతులోడికి తీగలిస్తే మరేటవుతాదని... అందరి ముందరా అన్నారు."

అప్పుడు చూసింది ఈశ్వరి ఆ చేతుల్ని. గోళ్ళ చుట్టూ చర్మం తెల్లగా పాలిపోయి, అక్కడక్కడ లేచిపోయి ఉంది. అడిగితే చెప్పాడు. ప్రోగ్రాముకి ముందు మూడుసార్లు సబ్బుతో కడుగుతాడట, నిమ్మచెక్క పెట్టి రుద్దుతాడట. తల్లి అసిరమ్మ వేడినీళ్ళలో పసుపు వేసి ఇస్తుందట. ఇంత చేసినా గిటార్ మాట వినట్లేదు.

"అప్పా, నీ మీటరెట్టి నా సేతులు సూడు ఓపాలి. ఏటైనా తేడా ఉంటే నాకే సెప్పీ, నానే మానేస్తాను."

ఈశ్వరికి నవ్వొచ్చింది గానీ, వాడి మొహం చూసి ఆపుకుంది. మల్టీమీటరు తీసి, ఎర్ర వైరు కొస ఒక చేతికి, నల్ల వైరు కొస ఇంకో చేతికి ఇచ్చి గట్టిగా పట్టుకోమంది. అంకెలు కాసేపు కిందా మీదా ఆడి తొమ్మిది లక్షల ఓముల దగ్గర నిలబడ్డాయి. అదెక్కువో తక్కువో తెలియక వాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆ కొసలు రెండూ తీసుకుని తను పట్టుకుంది. ఆరు లక్షలు.

"సూసినావా. నీకన్నా నా సేతుల్లోంచే కరెంటు సులువుగా పోతన్నాది. మరి నన్నెవులు తీసేస్తారు ఈ షాపులోంచి?"

వినోద్ మొదటిసారి నవ్వాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

నిజానికి ఈశ్వరి ఎలక్ట్రిక్ గిటార్ విప్పడం అదే మొదలు. ఆ సంగతి వాడికి చెప్పలేదు. బోర్లా తిప్పి వెనక మూత మరలు ఎనిమిదీ తీసి, ఏ మర ఏ మూలదో తెలిసేలా సీసా మూతలో వరసగా పెట్టుకుంది. లోపల చూసి ఆశ్చర్యపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ లేదు, బోర్డు లేదు, బ్యాటరీ కూడా లేదు. సౌండు పెంచి తగ్గించే రెండు కంట్రోళ్ళు, ఒక స్విచ్చి, ఒక కండెన్సరు, నాలుగు వైర్లు. తీగల కింద పికప్‌లు రెండు. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టి ఉంది. మిక్సీ మోటారు కాయిల్ చుట్టిన చేతులకి అది అర్థం కావడానికి ఎంతసేపో పట్టలేదు. తీగ కదిలితే ఈ కాయిల్లో చిటికెడు కరెంటు పుడుతుంది, అదే సౌండు.

ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. ముందు గిటార్ నుంచి యాంప్లిఫయరుకి వెళ్ళే కార్డు వైరు మార్చింది. తర్వాత రెండు కాయిళ్ళకీ మీటరు పెట్టింది, ఏడువేల చిల్లర చొప్పున చూపించాయి, రెండూ బతికే ఉన్నాయి. రిపేరుకి వచ్చిన ఒక యాంప్లిఫయరుకి గిటార్ తగిలించి, స్క్రూడ్రైవరు కొసతో పికప్ మీద మెల్లగా తట్టింది. టక్ టక్ మని రెండూ పలికాయి. కంట్రోళ్ళు తిప్పితే కొంచెం గరగర. కార్డు గుచ్చే జాక్ దగ్గర వేలు పెట్టి కదిపితే చిటపట. అక్కడ అతుకు మెరుపు లేకుండా, గంజి ఆరినట్టు పాలిపోయి ఉంది.

"ఇదిగో దొంగ" అంది.

ఐరన్ పెట్టబోతుంటే గూడ్సు వచ్చింది. చెయ్యి ఎత్తి పట్టుకుని పెట్టెలన్నీ పోయేదాకా ఆగింది. తర్వాత అతుకు విప్పి కొత్తగా వేసింది. కంట్రోళ్ళలో క్లీనరు కొట్టి పదిసార్లు తిప్పింది. ముందు వైపు స్విచ్చి కన్నం చుట్టూ ఎర్రగా దుమ్ము కనబడితే, షాపులో అన్నిటి మీదా ఊదినట్టే దాని మీదా ఉఫ్ మని ఊది గుడ్డతో తుడిచేసింది.

వినోద్ గిటార్ అందుకుని వాయించాడు. గేటు దగ్గర ఆగిన బస్సులోంచి నలుగురు తలలు బయటికి పెట్టారు. అప్పుడే అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చిన గిరిబాబు, ఈశ్వరి మొగుడు, క్యారేజీ దించకుండా గుమ్మంలోనే నిలబడి పాట అయ్యేదాకా విన్నాడు. ఎక్కడా కరకర లేదు.

"పనైపోయినాది, ఎల్లు" అంది ఈశ్వరి. ఆ మాట అన్నందుకు రెండు రోజులు తిరక్కుండానే నాలిక కరుచుకుంది.

గురువారం పొద్దున షట్టరు ఎత్తడానికి వచ్చేసరికి వినోద్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో నీలం సంచి.

బుధవారం సాయంత్రం గజపతినగరం దగ్గర ఒక రిసెప్షనులో వాయించారట. మొదటి పాటకే కరకర మొదలైందట. ముందుకన్నా ఎక్కువగా. యుగంధర్ గారు పాడుతూనే వెనక్కి తిరిగి చూశారట. నోటితో ఏమీ అనలేదట. వేలితో వినోద్ చేతుల్ని చూపించి, అదే వేలితో స్టేజీ పక్కన నీళ్ళ బకెట్టుని చూపించారట. ముందు వరస కుర్చీల్లో ఎవరో నవ్వారట.

ఈశ్వరి గిటార్ తీసుకుని యాంప్లిఫయరుకి తగిలించింది. గంటలా మోగింది. ఊపింది, అరచేత్తో చరిచింది, హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసింది. తగవు పెట్టుకుని పుట్టింట్లో బుద్ధిగా కూర్చున్న కోడల్లా, ఆ గిటార్ ఇక్కడ ఒక్క తప్పు కూడా చూపించట్లేదు. అతుకు వేసిన తర్వాత కూడా అక్కడ పలకలేదంటే మొన్న పట్టుకున్నది అసలు దొంగ కాదన్నమాట. ఆమెకి చెవులు వేడెక్కాయి.

రెండు టీలు తెప్పించింది. గిటార్ పక్కన పెట్టి మనిషిని అడగడం మొదలెట్టింది. ఏ పాటకి మొదలైంది, ఎంతసేపుంది, ఎప్పుడు తగ్గింది.

"మొదటి పాటకే మొదలైపోతాదప్పా. ఐదో పాటకి సర్దుకుంటాది. తర్వాత ఆఖరిదాకా ఏటీ ఉండదు."

"నిన్న కూడానా?"

"ఎప్పుడూ అంతే. ఐదో పాటకి."

ఈశ్వరి టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఇరవై ఏళ్ళలో ఆమె చూసిన ఏ సామాను అయినా చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కాక మొరాయిస్తుంది. ఇది తిరగబడి ఉంది. మొదట్లో మొరాయించి, పోను పోను బాగుపడుతోంది. పోనీ చేతుల చెమటే అనుకుంటే పాట పాటకీ చెమట పెరుగుతుంది గానీ తగ్గదు కదా. లైట్ల వేడికి తగ్గేది ఒక్కటే. తడి. మొదటి పాటకి ముందు ఎక్కడో తడి చేరుతోంది, ఐదో పాటకి ఆరిపోతోంది. ఇక్కడికి వచ్చేసరికి మర్నాడు అవుతుంది గనక ఎండిపోయి మంచిదానిలా కూర్చుంటోంది.

మొన్న వెనక వైపు నుంచే చూసింది. ఇప్పుడు గిటార్‌ని వెల్లకిలా పెట్టి, తెల్లటి ప్లేటు మధ్యలో ఉన్న స్విచ్చి మరలు రెండూ తీసి, దాన్ని పైకి లాగింది. రెండు సన్నటి ఇత్తడి రేకుల మధ్య ఎర్రగా, అంచుల్లో పచ్చగా పక్కు కట్టి ఉంది. రేకులకి ఆకుపచ్చ చిలుము.

ముందు ఖనిజం దుమ్మే అనుకుంది. వెంటనే ఆగింది. ఈ గిటార్ సముద్రం ఒడ్డున, టార్పాలిన్ సంచిలో ఉంటుంది. అక్కడికి ఖనిజం దుమ్ము ఎలా పోతుంది? మొన్న స్విచ్చి కన్నం చుట్టూ తను ఊదేసిన ఎరుపు తన షాపుది కాదు. రోజూ చూసే రంగు కాబట్టి దాన్ని చూడనే లేదు.

పక్కుని గోటితో గీరి వాసన చూసింది. కర్పూరం, దాని వెనకాల పులిసిన కొబ్బరి.

వినోద్‌కి ఏమీ చెప్పకుండా, గుండుసూది కొసతో ఒక్క నీటిబొట్టు ఆ పక్కు మీద వేసి, రెండు రేకులకీ మీటరు తగిలించింది. అంతదాకా ఏమీ చూపించని మీటరు ఒక్కసారిగా పదివేల చిల్లర చూపించింది. తీగల నుంచి వచ్చే చిటికెడు సౌండు ఈ తడి దారిలోంచి కారిపోతోందన్నమాట.

"ఒరే వినోదూ, నిన్న వాయించిన పాటలు వరసగా కూనిరాగం తియ్యి. గిటార్ వద్దు. వొట్టి నోటితోనే."

వాడు వింతగా చూశాడు గానీ, బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ మొదలెట్టాడు. ఈశ్వరి టేబుల్ ఫ్యాను అటు తిప్పి మీటరు చూస్తూ కూర్చుంది. తడి ఆరేకొద్దీ అంకె పెరుగుతోంది, రెండో పాట సగంలో ఇరవై వేలయింది. మూడో పాటకి యాభై. నాలుగో పాట మధ్యలో గూడ్సు వచ్చింది, వాడు ఆపలేదు, గొంతు పెంచాడు. ఐదో పాట పల్లవి అందుకుంటుండగా అంకెలు లక్షల్లోకి దూకి, ఆ తర్వాత మాయమైపోయాయి.

వాడి తాళం కూడా ఆగిపోయింది. వాడికీ అర్థమైంది.

"దీనికి బొట్టెవులెడతారు?" అని అడిగింది ఈశ్వరి.

వినోద్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ప్రతి ప్రోగ్రాముకీ ముందు వాయిద్యాలన్నిటికీ గురువుగారు పూజ చేస్తారు. కొబ్బరికాయ కొట్టి, ఆ కొబ్బరినీళ్ళతోనే పళ్ళెంలో పసుపూ కుంకుమా, చిటికెడు పచ్చకర్పూరం జారుగా కలుపుతారు. డ్రమ్ములకి చెక్క మీద పెడతారు. కీబోర్డు వాయించే ఝాన్సీ పూజ అయ్యేదాకా ప్లాస్టిక్ కవరు తియ్యదు, ఆమెకి కవరు మీదే బొట్టు. గిటార్‌ని కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టమంటారు. తీగలకి పెట్టకూడదు కదా, మధ్యలో తెల్లటి ప్లేటు ఉంది, దాని నుదురు అదేనని స్విచ్చి పక్కనే ఉంగరం వేలితో దట్టంగా పెడతారు. పది నెలలుగా పెడుతున్నారు.

"ఉప్పు ఎక్కడిదో దొరికినాది" అంది ఈశ్వరి. "కొబ్బరినీళ్ళలోది."

వాడు సంతోషిస్తాడనుకుంది. వాడి మొహంలో భయం కనబడింది. గురువుగారికి చెప్పొద్దని బతిమాలడం మొదలెట్టాడు. పూజలో తప్పు వెతికాడంటారు, అప్పుడు శనివారం దాకా కూడా ఉంచరు. ఆయన మొదటిసారి తన వాయింపు విని, ఎవరి సిఫార్సూ లేకుండా తీసుకున్న మనిషి. తప్పు ఆయనదని తన నోటితో ఎలా అంటాడు?

"నువ్వు లోపల బాగు సేసీ అప్పా. సేతులు బాగా కడుక్కున్నాను, తగ్గిపోయినాదని సెప్తాను. నా సేతుల వల్లే అనుకోనీ, ఏటవుతాది."

ఈశ్వరి పనిలో పడింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో పక్కంతా తుడిచింది. ఇత్తడి రేకుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మెరిపించింది. పాత సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి, మధ్యలో చిన్న గాటు పెట్టి, స్విచ్చి కన్నం కింద లోపలి నుంచి అతికించింది. స్విచ్చి కదులుతుంది, నీళ్ళు దిగవు. బిగించాక చెంచాతో నీళ్ళు పోసి మీటరు పెట్టింది. ఏమీ రాలేదు. వినోద్ రెండు చేతులూ జోడించి, సంచి భుజానేసుకుని బస్సుకి వెళ్ళిపోయాడు.

ఎర్రగా తడిసిన ఆ దూదిని చెత్తబుట్టలో వెయ్యబోయి, ఆగి, ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టుకుంది.

మధ్యాహ్నం గిరిబాబు క్యారేజీ విప్పి వడ్డించాడు. ఆమె అన్నం కలుపుతూనే ఉంది గానీ తినట్లేదు. గిటార్ సంగతంతా చెప్పింది.

"బాగైపోయినాది కదా, మరేటి?" అన్నాడు గిరిబాబు.

"గిటార్ బాగైనాది బావా. ఆ గుంటడి సేతులు అలగే ఉండిపోయినాయి."

యుగంధర్ గారికి ఎదురు చెప్తే ఆయన ఇక ఈ షాపు గుమ్మం ఎక్కకపోవచ్చని అన్నాడు గిరిబాబు. ఈశ్వరి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ నమిలే తీరు చూసి గిరిబాబుకి సంగతి తెలిసిపోయింది. శనివారం బండిలో పెట్రోలు కొట్టిస్తానన్నాడు.

శుక్రవారం నాలుగు మిక్సీలు, ఒక తడి గ్రైండరు. చేతులు పని చేస్తూనే ఉన్నాయి గానీ, కళ్ళు మాటిమాటికీ అగ్గిపెట్టె వైపు పోయాయి. ఎలా మొదలెట్టాలో రకరకాలుగా అనుకుని చూసుకుంది. ఏ మాటా నాలిక మీద నిలబడలేదు. సాయంత్రానికి మాటల సంగతి వదిలేసి మీటరులో కొత్త బ్యాటరీ వేసుకుంది.

శనివారం నాలుగున్నరకి రామతీర్థం చేరారు. కొండ కింద స్టేజీ, ముందు సగం కుర్చీలు నిండి ఉన్నాయి, పిల్లలు పీచుమిఠాయి చుట్టూ మూగి ఉన్నారు. యుగంధర్ గారు తెల్ల పంచె కట్టుకుని, పట్టు కండువా సర్దుకుంటూ ఈశ్వరిని చూసి నిజంగానే సంతోషించారు.

"ఏటమ్మా ఈశ్వరీ, ఇంత దూరమొచ్చినావు. పాట ఇనడానికా, నా యాంప్లిఫయరు మీద బెంగా?"

రెండూనని చెప్పింది. టూల్స్ డబ్బా చంకలోనే ఉంది. స్టేజీ వెనక వినోద్ ఆమెని చూసి తెల్లబోయాడు. వద్దని తల అడ్డంగా ఊపాడు. ఆమె చూడనట్టు ఊరుకుంది.

స్టేజీ మీద పూజ మొదలైంది, ఈశ్వరి కూడా ఒక పక్కన నిలబడింది. కొబ్బరికాయ ఒక్క దెబ్బకి పగిలింది. నీళ్ళు పళ్ళెంలో పసుపు కుంకుమల మీద పోసి ఆయన వేలితో కలిపారు. డ్రమ్ములకి అయింది. ఝాన్సీ కవరు మీద అయింది. గిటార్ కుర్చీలో వెల్లకిలా ఉంది, పక్కన వినోద్ తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన అటు రెండడుగులు వేసేసరికి ఈశ్వరి ముందుకు వచ్చి డబ్బా నేల మీద పెట్టింది.

"గురువుగారూ, ముందు నా డబ్బాకి పెట్టండి. ఇదీ పనిముట్టే కదా."

"తప్పకుండానమ్మా" అని ఆయన వంగి, ప్లాస్టిక్ మూత మీద గుండ్రంగా, దట్టంగా బొట్టు పెట్టారు. నమస్కారం కూడా చేశారు.

ఈశ్వరి మోకాళ్ళ మీద కూర్చుని మీటరు తీసింది. ముందు ఉత్త మూత మీద రెండు కొసలూ ఆనించింది. ఏమీ లేదు. తర్వాత ఆ బొట్టుకి ఇటొకటి అటొకటి ఆనించింది. అంకెలు పరుగెత్తాయి. మళ్ళీ ఉత్త మూత, మళ్ళీ బొట్టు. మూడుసార్లు చేసింది.

యుగంధర్ గారు కళ్ళజోడు సర్దుకుని వంగారు. "ఏటిది?"

"తడున్నంతసేపు ఇందులోంచి కరెంటు పోతాది గురువుగారూ. కొబ్బరినీళ్ళలో ఉప్పుంటాది. ఆరిపోతే పోదు. లైట్ల కింద ఆరడానికి నాలుగు పాటలు పడతాది."

ఆమె అగ్గిపెట్టె తెరిచి ఇచ్చింది. గిటార్ స్విచ్చిలో దొరికిందని చెప్పింది. ఆయన దూది తీసుకుని చూశారు, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఝాన్సీ వేళ్ళు కీబోర్డు కవరు అంచుని పట్టుకుని అలాగే ఉండిపోయాయి.

"పది నెలల నుంచీనా?" అన్నారు చివరికి, గొంతు తగ్గించి.

"పది నెలల నుంచీ. ఆడి సేతులకి కూడా మీటరెట్టి సూసినాను, ఏటీ నేదు. మీకు సెప్పొద్దని ఆడు నన్ను బతిమాలినాడు. కోపమొస్తే నా మీదే రావాలి గానీ ఆడి మీద కాదు."

ఆయన తన ఉంగరం వేలు చూసుకున్నారు. దాని కొస నుంచి ఎర్రటి చుక్క జారి స్టేజీ చెక్క మీద పడింది. ముందు వరసలో ఎవరో మొదలెట్టమని ఈల వేశారు. ఆయన అది విన్నట్టు లేరు.

"ఒరే వినోదూ, సేతులు సాపు" అన్నారు.

వినోద్‌కి అలవాటైపోయింది. కడుక్కున్నాడో లేదో చూస్తారని, అరచేతులు పైకి పెట్టి చాపాడు. వేళ్ళు సబ్బుకి పాలిపోయి ఉన్నాయి.

"అటు కాదు. బోర్లా పెట్టు."

వాడు తిప్పాడు. యుగంధర్ గారు పళ్ళెంలో వేలు ముంచి, కుడిచేతి వెనక ఒక బొట్టు, ఎడమచేతి వెనక ఒక బొట్టు పెట్టారు. తొందరపడకుండా, అంచులు గుండ్రంగా వచ్చేదాకా పెట్టారు. ఆ రెండు చేతులనీ ఒక్క క్షణం పట్టుకుని, తన కళ్ళకద్దుకున్నారు. గిటార్‌కి దూరం నుంచే నమస్కారం చేసి, పళ్ళెం తీసుకెళ్ళి పక్కన పెట్టి, మైకు అందుకున్నారు.

ఈశ్వరికి అది చాలు. డబ్బా మూసి, గిరిబాబు పక్కన మూడో వరసలో కూర్చుంది.

మొదటి పాట మొదలైంది. పల్లవి అయ్యాక గిటార్ ఒంటరిగా పలకవలసిన చోటు వచ్చేసరికి, యుగంధర్ గారు అలవాటు కొద్దీ వెనక్కి తిరిగారు. చెయ్యి సగం లేచింది. కరకర లేదు. తీగ తీగా విడివిడిగా, కడిగిన గాజుల్లా పలుకుతోంది. లేచిన చెయ్యి కిందకి దిగకుండా అక్కడే తాళం వెయ్యడం మొదలెట్టింది.

ఈశ్వరి పాటలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. నాలుగోది అయ్యాక గిరిబాబు వాచీ చూసుకుని ఇక బయల్దేరదామా అని అడిగాడు.

"ఐదోది అవనీ బావా" అంది.

ఐదో పాటకి వినోద్ చేతుల మీద బొట్లు ఆరిపోయాయి. వేళ్ళు తీగల మీద పరుగెత్తుతుంటే ఎండిన కుంకుమ పొట్టుగా రాలి, లైటు వెలుగులో ఎర్రగా మెరిసి కింద పడుతోంది. వాడు తల వంచి చేతులు చూసుకోవడం లేదు. జనాన్ని చూస్తూ వాయిస్తున్నాడు.

అయిపోయిందండీ. ఇంతే సంగతి. నాదొక్క మనవి. లోపం నీ చేతుల్లోనే ఉందని ఎవరిచేతనో అనిపించుకుని, ఇంకా ఆ చేతులు కడుక్కుంటూనే ఉన్నవాళ్ళు మీకు తెలిసినవాళ్ళలో ఒక్కరైనా ఉంటారు. వాళ్ళకి దీన్ని పంపించండి. ఆ మాట అన్నవాళ్ళ నంబరు కూడా మీ దగ్గరుంటే, ఏమీ రాయకుండా వాళ్ళకీ పంపించండి. ఉంటాను మరి, పొయ్యి మీద పాలు చూసుకోండి.